మన యాసలో వచ్చిన సినిమాపై అభిప్రాయం రాయడం ఎలా?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నేపథ్యంతోనో, ఇక్కడి యాసతోనో ఈమధ్య కొన్ని సినిమాలు, సిరీస్‌లు వస్తున్నాయి. వాటి గురించి "ఒకసారి చూడవచ్చు", "ద్వితీయార్ధం సాగదీశారు" అని రాసి ఊరుకుంటే, ఈ ప్రాంతం ముఖమే చూడనివారి మాటకూ మన మాటకూ తేడా ఉండదు. ఈ నేల మీద పుట్టి పెరిగినవారికే పట్టుబడే సంగతులు కొన్ని ఉంటాయి; మన అభిప్రాయం వాటి మీద నిలబడాలి.

సినిమా చూసిన రాత్రే, ఇతరుల సమీక్షలూ రేటింగులూ చదవకముందే, మనసులో మిగిలిన మూడు నాలుగు సన్నివేశాలను కాగితం మీద పెట్టండి. "నటన బాగుంది" అని కాకుండా ఏ సన్నివేశంలో, ఏ మాట దగ్గర బాగుందో రాయండి.

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ యాస మీద పెట్టాలి. "ఏటి", "బేగి", "గుంట" వంటి మాటలు నాలుగు చల్లినంత మాత్రాన అది సిక్కోలు (శ్రీకాకుళం) యాస అయిపోదు. మన యాస క్రియల్లోనూ, వాక్యం చివర తీసే రాగంలోనూ ఉంటుంది: "వచ్చేశాడు" అనవలసిన చోట "వచ్చీసినాడు" అంటాం, "ఏమైంది" అనవలసిన చోట "ఏటైనాది" అంటాం. తీరికగా మాట్లాడే సన్నివేశంలో దాన్ని నిలబెట్టడం నటుడికి పెద్ద కష్టం కాదు. కోపంతో అరిచేటప్పుడు, ఏడుస్తూ మాట్లాడేటప్పుడు కూడా అది నిలిచిందా, లేక పుస్తకాల తెలుగులోకి జారిపోయిందా అన్నది చెవి పెట్టి వినాలి. ఆ యాసను ఎవరి నోట పెట్టారో కూడా చూడాలి. ఏళ్ల తరబడి మన మాటను పనిమనిషికీ, నవ్వించే పాత్రకూ అప్పగించడం నాకు నిజంగా బాధ కలిగించే విషయం. అందుకే కథను నడిపే పాత్రకు ఆ మాట దక్కినప్పుడు ఆ సంగతి ప్రత్యేకంగా చెప్పి మెచ్చుకోవాలంటాను. 2018లో వచ్చిన "కేరాఫ్ కంచరపాలెం" విశాఖ కథే అయినా, నటించినవారిలో చాలామంది ఆ పేటవాళ్లే కావడంతో మాట ఎక్కడా అతికించినట్టు అనిపించదు. యాసను తూచవలసి వచ్చినప్పుడల్లా నేను దాన్నే కొలమానంగా పెట్టుకుంటాను.

వాస్తవ ఘటన ఆధారంగా తీసిన చిత్రమైతే ఘటనను వేరుగా, చిత్రాన్ని వేరుగా చూడాలి. ఎచ్చెర్ల మండలం డి. మత్స్యలేశం ప్రాంతపు మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ నుంచి వేటకు వెళ్లి, 2018 నవంబరులో పాకిస్తాన్‌కు చిక్కి, 2020 జనవరిలో వాఘా సరిహద్దు మీదుగా తిరిగివచ్చారు. 2025 ఫిబ్రవరిలో విడుదలైన "తండేల్"లో చందూ మొండేటి ఆ ఘటనను ప్రేమకథగా మలిచారు. ఆ స్వేచ్ఛ దర్శకుడిది. "నిజంగా ఇలా జరగలేదు" అన్నంతలో విమర్శ పూర్తి కాదు. నా మటుకు, వేటకు వెళ్లినవాడి కోసం ఒడ్డున ఎదురుచూసే సత్య పాత్రలో సాయిపల్లవి చిత్రానికి ప్రాణం పోశారు. జైలు సన్నివేశాలు మాత్రం దేశభక్తి సినిమాల్లో పలుమార్లు చూసిన బాటలోనే నడిచాయి. గుమ్మం ముందే సముద్రం ఉన్నవాళ్లు బతుకుతెరువు కోసం అంత దూరం ఎందుకు పోవలసి వచ్చిందన్న ప్రశ్న దగ్గర కథ ఇంకాసేపు ఆగవలసింది. మన తీరంలో చాలా ఇళ్లు మోస్తున్న ప్రశ్న అది. ఇటువంటి లోటును ఎత్తిచూపేటప్పుడు, దానివల్ల కథ ఏమి పోగొట్టుకుందో కూడా చెప్పాలి.

రోజువారీ సీరియల్‌ను ఒక్క భాగం చూసి తీర్పు చెప్పకూడదు. కనీసం వారం రోజులు చూసి, సోమవారం మొదలైన చిక్కు శనివారానికి ఏ మాత్రం కదిలిందో రాయండి. వెబ్ సిరీస్ పూర్తిగా చూడకపోతే ఎన్ని భాగాలు చూశారో ముందే చెప్పండి. సినిమాను థియేటర్లో చూశారా, ఫోన్లో చూశారా అన్నది కూడా రాయాలి, ఎందుకంటే సముద్రపు హోరు వంటివి చిన్న స్పీకర్లో సగం కూడా వినబడవు. ముగింపు బయటపెట్టక తప్పనప్పుడు ముందుగా హెచ్చరించి, ఆ భాగాన్ని చిట్టచివర పెట్టండి.