వేసంగిలో జెట్ మోడల్ ఎగరేసే ముందు

కోతలైపోయి పొలాల్లో ఎండు మోళ్లు మిగిలాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో రిమోట్‌తో నడిపే జెట్ మోడల్ విమానాలు ఎగరేయడానికి ఖాళీ జాగా దొరికేది ఇప్పుడే. నిప్పురవ్వ పడితే గడ్డికుప్పలూ, పూరిళ్లూ, జీడితోటలూ అంటుకునేదీ ఇప్పుడే. టర్బైన్ (కిరోసిన్‌తో నడిచే చిన్న జెట్ ఇంజన్) ఉన్న మోడల్ కూలిందంటే ట్యాంకులోని కిరోసిన్ మొత్తం 500 డిగ్రీలు దాటిన ఇంజన్ మీద చిమ్ముతుంది. అందుకే ఈ సీజన్‌లో నేను అన్నిటికంటే ముందు చెప్పేది నిప్పు గురించే.

స్టార్ట్ చేసేటప్పుడు కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ పట్టుకుని ఒక మనిషి నిలబడాలి. అతనికి ఇంకే పనీ చెప్పకండి, వీడియో తీయమని అసలే అడగకండి. పౌడర్ సిలిండర్ కూడా మంట ఆర్పుతుంది. కానీ ఇంజన్ పాడవుతుందని చాలామంది నొక్కడానికి తటపటాయిస్తారు, ఆ కాస్త ఆలస్యం చాలు. అయితే ఎండుగడ్డి మంటకి ఈ గ్యాస్ సరిపోదు. దానికి నీళ్ల డ్రమ్ము, తడి గోనెసంచులు, వాటిని పట్టుకుని పరిగెత్తగల ఇద్దరు ముగ్గురు కావాలి. ఆ మనుషులు రాలేదంటే ఆ రోజు ఎగరేయొద్దు.

ఇంజన్ ఒకసారి అంటుకోకపోతే వెంటనే మళ్లీ స్టార్ట్ కొట్టకండి. లోపల నిలిచిన ఇంధనం రెండోసారి ఒక్కసారిగా భగ్గుమంటుంది. ముక్కు పైకెత్తి, తోక వైపు నుంచి అంతా కారిపోయాకే మళ్లీ ప్రయత్నించండి. లోపలి చక్రం నిమిషానికి లక్షకు పైగా తిరుగుతుంది కాబట్టి ఇంజన్‌కి సరిగ్గా పక్కన ఎవరూ నిలబడకూడదు, వెనక అసలే వద్దు. శబ్దం వినగానే ఊళ్లో పిల్లలు పరిగెత్తుకొస్తారు. వాళ్లని తాడు అవతలే ఆపడానికి ఆ ఊరి పెద్దాయన ఒకరిని ముందే అడిగి పెట్టుకోండి, ఆయన మాటే వింటారు.

ఫెయిల్‌సేఫ్, అంటే సిగ్నల్ పోతే ఇంజన్ దానంతటదే ఆగే ఏర్పాటు, సెట్ చేశాం కదా అని వదిలేయకూడదు. విమానాన్ని కట్టేసి, ఇంజన్ నడుస్తుండగా చేతిలోని ట్రాన్స్‌మిటర్ ఆపి చూడండి. టర్బైన్ ఆగాలి. ఆగలేదా, ఇంటికి తీసుకెళ్లిపోండి.

పొద్దెక్కే కొద్దీ సముద్రపు గాలి పెరుగుతుంది, ఉదయమే మేలు. దిగేటప్పుడు థ్రాటిల్ పూర్తిగా తగ్గించేసి ఉంచొద్దు. మళ్లీ పెంచితే టర్బైన్ బలం అందుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది, ఆలోపే విమానం నేలను తాకుతుంది.

చట్టం సంగతికొస్తే, 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం మోడల్ బరువు 25 కిలోలు మించకూడదు, కంటికి కనబడేంత దూరంలోనే ఎగరాలి. నడుస్తున్న విమానాశ్రయానికి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగులు దాటాలంటే అనుమతి కావాలి, ఇంకా దగ్గరైతే నేల నుంచే కావాలి. భోగాపురం విమానాశ్రయం వైపు వాళ్లు ఎగరేసే రోజున డిజిటల్ స్కై మ్యాప్ (ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ డ్రోన్ మ్యాప్) చూసుకోవాలి. పెలికాన్లు ఉండే తేలినీలాపురం దరిదాపులకు వెళ్లనే వద్దు.

దిగాక ఇంజన్‌ని చల్లబరిచే దశ పూర్తయ్యేదాకా బ్యాటరీ తీయకండి. మిగిలిన ఇంధనాన్ని క్యాన్‌లోకి తోడి, మూత బిగించి, నీడలో పెట్టండి. ఎండలో నిలిపిన కారు డిక్కీలో మాత్రం వద్దు.