మిద్దె కుండీలకు నీళ్లు పెట్టే ఈఎస్‌పీ32: వైరింగు, ప్రోగ్రాం, మట్టి లెక్క

అనంతపురం ఎండలకు మిద్దెపైన టమోటా, మిరప కుండీలు పెట్టినవాళ్లు రెండు రోజులు ఊరికి పోవాలన్నా ఆలోచించాల్సిందే. ఆ నీళ్ల పనిని ఈఎస్‌పీ32 అనే వైఫై ఉన్న చిన్న కంప్యూటరు బోర్డుకు అప్పగించొచ్చు. ప్రోగ్రాం చిన్నదే. మట్టి ఎంత ఎండితే నీళ్లు వదలాలి, ఎంత తడిస్తే ఆపాలి అని అందులో రాయాల్సిన రెండు అంకెల దగ్గరే అసలు పని. అవి ఎవరి మట్టికి వాళ్లు తేల్చుకోవాలి. వేరేవాళ్ల ప్రోగ్రాంలోంచి ఎత్తి పెట్టుకుంటే మొక్క ఎండనన్నా ఎండుతుంది, కుళ్లనన్నా కుళ్లుతుంది.

కావలసినవి: 30 పిన్నుల ఈఎస్‌పీ32 బోర్డు, కెపాసిటివ్ తేమ సెన్సరు, 3.3 వోల్టుల సిగ్నల్‌తో పనిచేసే రిలే మాడ్యూలు (బోర్డు చెప్పినప్పుడు కరెంటు కలిపి విడదీసే స్విచ్చి), అరంగుళం 12 వోల్టుల సోలనాయిడ్ వాల్వు (కరెంటు ఇస్తే తెరుచుకునే నీటి వాల్వు), 12 వోల్టులు 2 ఆంపియర్ల అడాప్టరు, 5 వోల్టులకు దించే బక్ కన్వర్టరు, 1ఎన్4007 డయోడు. రెండు కాళ్ల రెసిస్టివ్ సెన్సరు చవకే, కానీ తడి మట్టిలో త్వరగా తుప్పుపడుతుంది. దాని జోలికి పోవద్దు.

వాల్వు కొనేముందు దానిమీద రాసిన కనీస ప్రెషరు చూడండి. చవక రకాలకు సాధారణంగా 0.02 మెగాపాస్కల్ కావాలి, అంటే నీటిమట్టం వాల్వు కంటే రెండు మీటర్లు పైన ఉండాలి. ట్యాంకు మిద్దెమీదే తక్కువ దిమ్మెపైన ఉంటే వాల్వు టక్కుమంటుంది గానీ నీళ్లు సరిగా రావు. అలాంటిచోట వాల్వు బదులు డ్రమ్ములో చిన్న 12 వోల్టుల పంపు పెట్టుకోవడం మేలు. అప్పుడు పైపు కొసలు డ్రమ్ము నీటిమట్టం కంటే పైనే ఉండాలి. కిందికి ఉంటే పంపు ఆగినా సైఫన్ పట్టి డ్రమ్మంతా ఖాళీ అవుతుంది.

బక్ కన్వర్టరును బోర్డుకు కలపకముందే మల్టీమీటరు పెట్టి 5 వోల్టులకు తిప్పుకోవాలి. సెన్సరుకు 3.3 వోల్టులు, గ్రౌండు ఇచ్చి, అనలాగ్ వైరును 34వ పిన్నుకు కలపండి (ఇక్కడ చెప్పే పిన్ను అంకెలు బోర్డుమీద రాసి ఉన్నవే, వరుస లెక్క కాదు). 4, 25, 26, 27 లాంటివి రెండో ఏడీసీవి (ఏడీసీ అంటే సెన్సరు వోల్టేజీని అంకెగా మార్చే భాగం). వైఫై ఆన్ అయితే వాటిమీద అనలాగ్ రీడింగులు నమ్మలేం. రిలే సిగ్నల్‌కు మాత్రం 26 బాగా సరిపోతుంది. 12వ పిన్నుకు రిలే పెట్టొద్దు, స్టార్ట్ అయ్యేటప్పుడు అది హైలో ఉంటే బోర్డే లేవకపోవచ్చు. డయోడును వాల్వు రెండు కొసల మధ్య, గీత ఉన్న వైపు ప్లస్‌కు వచ్చేలా పెట్టాలి. లేకపోతే వాల్వు ఆగినప్పుడల్లా పుట్టే వోల్టేజీ దెబ్బకు బోర్డు రీసెట్ అవుతుంటుంది.

కంప్యూటర్లో ప్రోగ్రాం రాసి బోర్డుకు ఎక్కించే ఆర్డుయినో ఐడీఈలో ఎస్ప్రెసిఫ్ వారి ఈఎస్‌పీ32 ప్యాకేజీ వేసుకుని 'ఈఎస్‌పీ32 డెవ్ మాడ్యూల్' ఎంచుకోండి. పోర్టు కనబడకపోతే ముందు కేబుల్ మార్చి చూడండి, చార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చేవి చాలా ఉంటాయి. 'కనెక్టింగ్' దగ్గరే ఆగిపోతే, అప్‌లోడ్ మొదలయ్యేదాకా బూట్ బటన్ నొక్కి పట్టుకోవాలి.

ఇక మట్టి లెక్క. ఇరవై రీడింగుల సగటు తీసి ఐడీఈలోని సీరియల్ మానిటర్‌లో చూపించే ప్రోగ్రాం ముందు రాసుకోండి, ఒక్క రీడింగును నమ్మడానికి లేదు. కుండీలో వాడే మట్టినే బాగా ఎండబెట్టి, సెన్సరును దానిమీదున్న గీతదాకా గుచ్చి అంకె రాసుకోండి. తర్వాత అడుగునుంచి కారేదాకా నీళ్లు పోసి, గంట ఆగి మళ్లీ రాసుకోండి. ఈ సెన్సరుకు తడి పెరిగితే అంకె తగ్గుతుంది. ఉదాహరణకు పొడికి 2600, తడికి 1300 వస్తే, 2100 దాటినప్పుడు తెరిచి 1600కు దిగినప్పుడు మూసేలా పెట్టొచ్చు. రెండింటికీ ఒకే అంకె పెడితే రిలే టకటకా కొట్టుకుంటుంది.

ఎర్రమట్టిలో గులకరాళ్లుంటే జల్లెడ పట్టాలి. సెన్సరు పక్కన గాలి సందు మిగిలితే తడి మట్టి కూడా పొడిగానే కనబడుతుంది. నల్లరేగడి ఎండి బీటలిస్తే ఇదే చిక్కు, కాబట్టి అందులో ఎరువూ ఇసుకా కలిపాకే లెక్క తీయండి. సెన్సరు పైభాగంలోని విడిభాగాలకు రెండు పూతలు నెయిల్ పాలిష్ వేయండి, అవి మట్టిలోకి దిగకూడదు.

ప్రోగ్రాంలో రెండు కాపలాలు తప్పనిసరి. అంకె ఎంత ఉన్నా వాల్వు ఒక విడతకు ఐదు నిమిషాలకు మించి తెరిచి ఉండకూడదు. పొడిమట్టి అంకెను కూడా బాగా దాటి రీడింగు వస్తే సెన్సరు మట్టిలోంచి ఊడిందని లెక్క, అప్పుడు అసలు తెరవకూడదు. ఏ కోతో పిల్లాడో పీకేస్తే ట్యాంకు ఖాళీ కాకుండా కాపాడేవి ఇవే.

మిట్టమధ్యాహ్నం పైపులో నీళ్లు కాగి ఉంటాయి, అందుకే ఉదయం 5 నుంచి 7 లోపే తెరిచేలా షరతు పెట్టండి. బోర్డు టైమును వైఫైలో ఇంటర్నెట్ నుంచి తీసుకుంటుంది; ఆ సమయం కంటే (యూటీసీ) మనది 19800 సెకన్లు ముందు. కరెంటు పోయి వచ్చినప్పుడు రూటరు కంటే బోర్డే ముందు లేస్తుంది, అప్పుడు గడియారం 1970 చూపిస్తుంది. సంవత్సరం 2020 దాటేదాకా వాల్వు ముట్టకుండా వేచిచూసేలా రాయండి. వాల్వు కరెంటు లేకపోతే మూసుకునే రకమే కావాలి.

బోర్డు, రిలే ఉన్న పెట్టెను నీడన పెట్టండి. బోరు నీళ్లయితే వాల్వు లోపలి జాలీకి సున్నం పొర పడుతుంది. ధార సన్నబడినప్పుడల్లా ఆ జాలీని తీసి కాసేపు వెనిగర్‌లో నానబెట్టి కడగాలి.