ఎస్.ఎస్. వెల్డింగ్ మీద రంగులు: ఎలా చదవాలి, ఎలా తీయాలి?

మైపాడు, తుమ్మలపెంట, కొత్తపట్నం వైపు సముద్రానికి దగ్గరగా ఉన్న ఇళ్ల ఎస్.ఎస్. (స్టెయిన్‌లెస్ స్టీల్) రెయిలింగులు చూడండి. పైపు తళతళలాడుతూనే ఉంటుంది, తుప్పు మొదలయ్యేది మాత్రం అతుకు దగ్గర. ‘304 అని చెప్పి 202 అంటగట్టాడు’ అని వెల్డర్ని తిట్టుకుంటారు (304 మేలు రకం స్టీలు, 202 చవక రకం). ఒక్కోసారి అదీ నిజమే (అయస్కాంతం పెట్టి తేల్చకండి, రెండూ మామూలుగా అయస్కాంతానికి అంటుకోవు). కానీ అసలు సిసలు 304 అయినా సరే, అతుకు పక్కన పడిన రంగును అలాగే వదిలేస్తే ఉప్పుగాలి అక్కడే పట్టుకుంటుంది.

ఎందుకంటే, ఈ స్టీలును కాపాడేది దాని మీద కంటికి ఆనని క్రోమియం ఆక్సైడ్ పొర. వేడిగా ఉన్న లోహానికి గాలి తగిలితే ఆ పొర మందమెక్కుతుంది. నీళ్ల మీది నూనె తెట్టుకు రంగులు వచ్చినట్టే, మందాన్ని బట్టి దీనికీ రంగు వస్తుంది. పొర పెరగడానికి కావలసిన క్రోమియం కింది లోహంలోంచే పోతుంది. 304లో క్రోమియం సుమారు 18 శాతం. 10.5 శాతం కూడా లేని ఉక్కును స్టెయిన్‌లెస్ అనరు. రంగు కింద క్రోమియం తగ్గిపోయిన ఆ పల్చటి పొరే తుప్పుకు దారి. రంగు పోయినా అది మిగిలితే పని సగమే అయినట్టు.

1. చల్లారాక రంగు చదవండి

గాలిలో కాసేపు వేడెక్కిన 304 మీద రంగులు దాదాపు ఇలా పడతాయి: లేత పసుపు 290 డిగ్రీల సెల్సియస్ దగ్గర, గడ్డి పసుపు 340, గోధుమ 390, ముదురు ఊదా 450, నీలం 540, ముదురు నీలం 600. వేడి ఎక్కువసేపు నిలిస్తే అదే వేడికి ఇంకా ముదురు రంగు వస్తుంది. కాబట్టి ఈ అంకెలను థర్మామీటరులా వాడకండి, వరసను గుర్తుపెట్టుకోండి. వెండి రంగు, లేత గడ్డి పసుపు మంచి పనికి గుర్తు. నీలం దాటి మసక బూడిద, నలుపు వచ్చాయంటే గ్యాస్ రక్షణ (వేడి లోహానికి గాలి తగలకుండా టార్చ్‌లోంచి వదిలే ఆర్గాన్ గ్యాస్) సరిగా అందలేదు.

2. రంగు ఎక్కడ పడిందో చూస్తే తప్పు తెలుస్తుంది

అతుకు గీత మెరుస్తూ, రెండు పక్కలా వెడల్పుగా నీలం పట్టీ ఉంటే వేడి ఎక్కువైంది. ఆంప్స్ తగ్గించండి, లేదా చెయ్యి వేగం పెంచండి. 1.5 మిల్లీమీటర్ల పైపుకు 45 నుంచి 60 ఆంప్స్ చాలు. ఒకే చోట పాస్ మీద పాస్ (వెల్డింగ్ గీత మీద ఇంకో గీత) వేయాల్సి వస్తే నడుమ లోహం 150 డిగ్రీల లోపుకు చల్లారాలి.

గీతే బూడిద రంగులోకి తిరిగి గరుకుగా ఉంటే ఆర్గాన్ అందడం లేదు. నిమిషానికి 8 నుంచి 10 లీటర్లు పెట్టి చూడండి. అంతకన్నా బాగా పెంచితే గ్యాస్ సుడి తిరిగి బయటి గాలిని లోపలికి లాగుతుంది. మన తీరంలో అసలు తంటా సముద్రపు గాలితో. మధ్యాహ్నం గాలి తిరిగాక ఆరుబయట ఆర్గాన్ వెల్డింగ్ చేస్తే టార్చ్ మూతి దగ్గరి కప్పు చుట్టూ ఉన్న గ్యాస్ చెదిరిపోతుంది. అతుకులు పొద్దున్నే ముగించండి, లేదా తార్పాలిన్ అడ్డు కట్టండి.

గీత చివర మాత్రమే నల్ల చుక్క ఉంటే, ఆర్క్ ఆపగానే టార్చ్ పక్కకు తీసేశారన్నమాట. గ్యాస్ ఇంకో 8, 10 సెకన్లు వచ్చేలా పెట్టి, టార్చ్‌ను అక్కడే నిలిపి ఉంచాలి.

పైపు లోపల నల్లగా, చక్కెర పలుకుల్లా పొంగితే లోపలికి ఆర్గాన్ పంపలేదు. రెయిలింగుకు ఇది పెద్ద నష్టం కాదు. పాల డెయిరీ పైపుల్లో, రొయ్యల ప్లాంటు పైపుల్లో మాత్రం ఆ గరుకులోనే సూక్ష్మజీవులు నిలుస్తాయి, ఆ అతుకు కోసి మళ్లీ వేయాల్సిందే. రెండు చివరలూ మూసి, ఒక చిన్న రంధ్రం వదిలి, పైపు ఘనపరిమాణానికి 5 నుంచి 10 రెట్ల ఆర్గాన్ పంపాకే మొదలుపెట్టాలి. అమెరికన్ వెల్డింగ్ సొసైటీ డి18.2 చార్టులో లోపలి గ్యాసులో ఆక్సిజన్ పది లక్షల భాగాల్లో 10 నుంచి 25,000 దాకా ఉంటే రంగు ఎలా మారుతుందో పది నమూనాలుగా చూపారు. కాంట్రాక్టు రాసుకునేటప్పుడే ఏ నమూనా దాకా ఒప్పుకుంటారో రాసుకోండి.

3. తీయాలా, వదిలేయాలా?

లోపలి గదుల్లో, ఎండు చోట అయితే రంగు అందానికి సంబంధించిన సంగతే. ఉప్పుగాలి, రొయ్యల గుంటల నీళ్లు, బ్లీచింగ్ తగిలే చోట లేత పసుపు కంటే ముదిరిన ప్రతి రంగూ తీసేయాలి. 304 కంటే మేలు రకమైన 316 వాడామని ధీమా పడకండి, రంగు కింద దానికీ క్రోమియం తగ్గుతుంది.

4. తీసే పద్ధతి

బఫింగ్ చేస్తే మెరుపు వస్తుంది. నమ్మలేనిది ఆ మెరుపునే. బఫింగ్ రంగును పోగొట్టి, కింది పొరను కొంత వదిలేయవచ్చు. సన్నటి ఫ్లాప్ డిస్క్‌తో (గ్రైండర్‌కు బిగించే గరుకు కాగితపు రేకుల చక్రం) లోహం కాస్త అరిగేదాకా తీస్తే కొంత మేలు. మామూలు ఇనుముకు వాడిన డిస్క్, ఇనుప తీగల బ్రష్ స్టెయిన్‌లెస్‌కు తగలనివ్వకండి. అంటుకున్న ఇనుప రజను మర్నాడే ఎర్రబడుతుంది.

పూర్తిగా పోవాలంటే పిక్లింగ్ పేస్ట్, అంటే రంగునూ దాని కింది పొరనూ తినేసే ఆమ్లపు ముద్ద, వాడాలి. ముందు నూనె, మట్టి తుడవండి. అతుకు మీద మందంగా పూసి, డబ్బా మీద రాసిన సమయం ఉంచండి. 304కు మామూలుగా 20 నుంచి 60 నిమిషాలు. రోహిణి ఎండల్లో, ఎండకు కాగిన లోహం మీద పూయకండి. పేస్ట్ ఎండిపోతే మరకలు మిగులుతాయి. ఇందులో నైట్రిక్‌తో పాటు హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఉంటుంది. అది చర్మం మీద పడితే వెంటనే నొప్పి తెలియకపోవచ్చు, లోపల ఎముక దాకా తింటుంది. మందపాటి రబ్బరు చేతితొడుగులు, ముఖానికి షీల్డ్, పక్కన కాల్షియం గ్లూకోనేట్ జెల్ లేకుండా డబ్బా మూత తీయవద్దు. పడితే నీళ్లతో కడిగి, జెల్ రాసి, నొప్పి లేకపోయినా ఆస్పత్రికి వెళ్లాలి. బాత్రూమ్ యాసిడ్ చవకని అది వాడేవాళ్లున్నారు. అది హైడ్రోక్లోరిక్, దాని క్లోరైడే స్టీలుకు గుంటలు పెడుతుంది.

కడిగే నీళ్ల దగ్గర చాలామంది తప్పుతారు. తీరం ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. వాటితో ముందు కడిగినా, చివరి కడుగు క్యాన్ నీళ్లతో చేసి పొడి గుడ్డతో తుడవండి. కడిగిన నీళ్లలో సున్నం కలిపి ఆమ్లం విరిచాకే పారబోయాలి, చేలోకో గుంటలోకో వదలకూడదు.

5. అయిందో లేదో చూడటం

అతుకు మీద క్యాన్ నీళ్లతో తడిపిన తెల్లగుడ్డ చుట్టి, ఆరకుండా ఒక రోజంతా ఉంచండి. గుడ్డకు ఎర్ర చుక్కలు అంటితే ఇనుప రజను ఇంకా ఉంది, ఆ చోట మాత్రం మళ్లీ పేస్ట్ పూసి, కడిగి, ఇంకోసారి చూడాలి. వెల్డర్‌కు చివరి డబ్బులు ఈ పరీక్ష అయ్యాక ఇస్తామని ముందే మాట్లాడుకోండి.