వేవర్ పాఠాలు – 5వ భాగం: బాబిప్ చూసి బెదిరిపోకండి

ఇవి ఫాంటసీ బేస్‌బాల్ పాఠాలు: అమెరికా మేజర్ లీగ్ ఆటగాళ్ళతో ఊహా జట్టు కట్టి, వాళ్ళ నిజం అంకెలతో పోటీపడే ఆట. ఎవరి జట్టులోనూ లేనివాళ్ళని వెతికి తెచ్చుకోవడమే వేవర్. ఈసారి క్లోజర్ల (చివరి ఇన్నింగ్స్‌లో గెలుపు కాపాడే పిచర్లు, అంటే బంతి విసిరేవాళ్ళు) గురించి చెబుతానన్నాను. చెప్పడం లేదు. పోయిన పాఠం చదివాక మీలో చాలామంది చేసిన పని చూస్తే, అక్కడే ఇంకాస్త ఆగక తప్పేట్టు లేదు.

నాలుగో భాగంలో బాబిప్ (BABIP, మైదానంలో పడ్డ బంతుల మీద యావరేజ్) లెక్క చెప్పాను. హిట్లలోంచి (బంతి కొట్టి బేస్ చేరినవి) హోమ్ రన్లు (కంచె దాటించినవి) తీసేసి, మిగిలినవాటిని మైదానంలో పడ్డ బంతులతో (ఫీల్డర్లు పట్టినవాటితో సహా) భాగించడం. లీగ్ మొత్తమ్మీద అది .300 చుట్టూ తిరుగుతుందనీ చెప్పాను. అంతే, .340 దాటిన బ్యాటర్లందరినీ జట్టులోంచి గెంటేసి, .240లో ఈదుతున్నవాళ్ళని తెచ్చి కూర్చోబెట్టారు. పైగా ఒకరి వివరణ: “ఇన్నాళ్ళూ అదృష్టం కలిసొచ్చింది కదండీ, ఇక దురదృష్టం మొదలవుతుంది. అందుకే ముందే వదిలించుకున్నా.”

ఈ ‘ఇక మొదలవుతుంది’ దగ్గరే నాకు ఒళ్ళు మండుతుంది. కాగితం తీసుకోండి.

ఒక బ్యాటర్ రెండు వారాల్లో 40 ఎట్ బ్యాట్లు (బ్యాటింగ్‌కి వచ్చినవాటిలో యావరేజ్ లెక్కలోకి తీసుకునేవి) ఆడాడు. 14 హిట్లు. అందులో 3 హోమ్ రన్లు. 10 సార్లు స్ట్రయికౌట్ (మూడు స్ట్రయిక్‌లు పడి అవుట్). శాక్రిఫైస్ ఫ్లైలు (తాను క్యాచవుటై సహచరుడికి పరుగు తెచ్చేవి) లేవనుకుందాం. స్ట్రయికౌట్లూ హోమ్ రన్లూ పోతే మైదానంలో పడ్డ బంతులు 27. వాటిలో హిట్లు 11. బాబిప్ .407, బ్యాటింగ్ యావరేజ్ (హిట్లని ఎట్ బ్యాట్లతో భాగిస్తే వచ్చేది) .350. లీగ్‌లో అందరూ అతని పేరే తలుచుకుంటున్నారు.

ఇతని మామూలు బాబిప్ .300 అనుకుంటే 27 బంతుల్లో 8 హిట్లు రావాలి. వచ్చినవి 11. తేడా మూడంటే మూడు హిట్లు. షార్ట్‌స్టాప్‌కీ థర్డ్ బేస్‌మన్‌కీ మధ్యలోంచి దూరిపోయిన గ్రౌండర్ (నేల మీద దొర్లే బంతి) ఒకటి, రైట్ ఫీల్డర్ ముందు నేల రాలిన బ్లూపర్ ఒకటి, ఫస్ట్ బేస్‌కి త్రో కాస్త ఆలస్యమైనది ఒకటి. ఆ మూడూ తీసేస్తే .275 కొట్టే బ్యాటర్.

మరి తర్వాతి 40 ఎట్ బ్యాట్లలో ఎంత ఆశించాలి? .275. మీరనుకున్నట్టు .200 కాదు. నాణెం వరసగా అయిదుసార్లు బొమ్మ పడినంత మాత్రాన ఆరోసారి బొరుసు బాకీ ఉండదు. ఆ మూడు హిట్లని ఎవరూ వడ్డీతో వసూలు చేసుకోరు. అతను మళ్ళీ తన మామూలు ఆట ఆడతాడు, అంతే.

ఇప్పుడు అవతలి వైపు చూడండి. అతను నిజంగానే .275 కొడితే మొత్తం 80కి 25 హిట్లు. స్క్రీన్ మీద యావరేజ్ ఇంకా .313 చూపిస్తూనే ఉంటుంది. మధ్యలో తీసుకున్నవాడు ‘నా బ్యాటర్ .313’ అని మురిసిపోతాడు గానీ, అతని ఖాతాలో పడింది .275 మాత్రమే. మొదటి 14 హిట్లు ఎవరి జట్టుకీ చెందవు. ఫ్రీ ఏజెంట్‌ని (ఎవరి జట్టులోనూ లేనివాణ్ణి) చూసేటప్పుడు సీజన్ మొత్తం అంకె మోసం చేసేది ఇక్కడే. డ్రీమ్ ఎలెవన్ అలవాటుతో వచ్చిన మనవాళ్ళకి ఇది మరీ కష్టం. అక్కడ రేపటి మ్యాచ్‌తో కథ ముగుస్తుంది. ఇక్కడ సెప్టెంబరు దాకా కాపురం చేయాలి.

రెండో సంగతి. .300 లీగ్ అంకె. ప్రతి బ్యాటర్‌నీ అక్కడికే లాక్కెళ్ళి కట్టేయకండి. డెరెక్ జీటర్ కెరీర్ మొత్తం బాబిప్ .350. ఇరవై ఏళ్ళ పాటు అదృష్టమే అంటారా? ఇచిరోది .338, గ్రౌండర్ కొట్టి పరుగు అందుకునేవాడు. 2010లో 54 హోమ్ రన్లు కొట్టిన హోసే బటిస్టా బాబిప్ .233. పాపం దురదృష్టవంతుడని జాలిపడతారా? గాల్లోకి లేపేవాడి బంతులు కంచె దాటితే ఈ లెక్కలోకే రావు, దాటనివి ఫీల్డర్ చేతుల్లో పడతాయి. ఎవరి మామూలు వాళ్ళది. పిచర్ల సంగతి వేరు. మైదానంలో పడ్డ బంతి హిట్ అవ్వాలా వద్దా అన్నది పిచర్ చేతిలో పెద్దగా ఉండదని 2001లో వోరస్ మెక్రాకెన్ చూపించాడు. వాళ్ళకి .300 కొలత చాలావరకు పనికొస్తుంది.

కెరీరే లేని కొత్త కుర్రాడైతే? స్ట్రయికౌట్ శాతం చూడండి. త్వరగా కుదురుకునే అంకెల్లో అదొకటి, సుమారు 60 ప్లేట్ అప్పియరెన్సులు (మొత్తం బ్యాటింగ్‌కి వచ్చిన సార్లు) చాలు. తర్వాత గంటకి 95 మైళ్ళు దాటి కొట్టిన బంతుల శాతం. బంతి వేగం కొలిచే స్టాట్‌కాస్ట్ వ్యవస్థ 2015లో అన్ని పార్కుల్లోకీ వచ్చింది కాబట్టి అది వెతుక్కోవడం కష్టమేం కాదు.

నాకు వీటన్నిటికంటే ఇష్టమైన ప్రశ్న ఒకటుంది: ఇతనిలో ఏం మారింది? 2014 మార్చిలో జె.డి. మార్టినెజ్‌ని ఆస్ట్రోస్ జట్టు వదిలేసింది. అప్పటికే అతను శీతాకాలమంతా కూర్చుని స్వింగ్‌ని కొత్తగా కట్టుకున్నాడు. టైగర్స్ జట్టు చేరదీసింది. ఆ ఏడాది .315, 23 హోమ్ రన్లు. బాబిప్ .390 దగ్గర. మీ పద్ధతిలో అయితే జూన్‌లోనే బయటికి నెట్టేవారు. 2015లో బాబిప్ .340కి దిగింది, హోమ్ రన్లు మాత్రం 38కి ఎక్కాయి. అదే 2019 ఆగస్టులో రెడ్స్ కుర్రాడు అరిస్టిడెస్ అకీనో 14 హోమ్ రన్లు కొట్టాడు. సెప్టెంబరులో 5. మరుసటి ఏడాది యావరేజ్ .170. 2006లో క్రిస్ షెల్టన్ ఏప్రిల్‌లోనే 10 కొట్టి, ఏడాది మొత్తానికి 16 దగ్గర ఆగాడు. జులై దాటేసరికి ట్రిపుల్-ఎలో (మేజర్ లీగ్‌కి కింది మెట్టు) ఉన్నాడు. యాసియెల్ పూయిగ్ 2013 జూన్‌లో .436, ఏడాది ముగిసేసరికి .319. జులైలో తీసుకున్నవాడికి .436 దక్కలేదు, అయినా నష్టపోలేదు.

గాయాల జాబితా, పొజిషన్ అర్హత చూసుకోమని నేను చెప్పక్కర్లేదు. లైనప్ కార్డు (ఆ రోజు బ్యాటింగ్ వరస) మాత్రం చూడండి. ఏడో స్థానం నుంచి రెండో స్థానానికి ఎక్కాడంటే మేనేజర్‌కి నమ్మకం కుదిరిందన్నమాట. ప్లేట్ దగ్గరికి వెళ్ళే అవకాశాలూ పెరుగుతాయి. ఎడమచేతి పిచర్ వచ్చిన రోజు బెంచీ మీద కూర్చుంటున్నాడా? అయితే అతని కోసం నేను వేసే వేలం పాట సగానికి పడిపోతుంది. నేను క్యాచర్ల మీద ఫాబ్ డబ్బు (ఈ వేలానికి ప్రతి జట్టుకీ ఇచ్చే ఊహా సొమ్ము) పెట్టను. వారమంతా డెన్వర్‌లోని సొంత మైదానం కూర్స్ ఫీల్డ్‌లో ఆడే రాకీస్ జట్టు బ్యాటర్ ఖాళీగా కనిపిస్తే మాత్రం ఇన్ని పాఠాలూ పక్కన పెట్టి తీసేసుకుంటా, వాళ్ళు డెన్వర్ దాటగానే వదిలేస్తా. మైలు ఎత్తున గాలి పలచన. దానికి బాబిప్‌తో పని లేదు.

అభ్యాసం: మీ లీగ్‌లో ఖాళీగా ఉన్న బ్యాటర్లు ఆరుగురిని ఎంచుకోండి. ఒక్కరినీ తీసుకోవద్దు. గత 40 ఎట్ బ్యాట్ల బాక్స్ స్కోర్లు (మ్యాచ్ లెక్కల పట్టికలు) తీసి బాబిప్ చేత్తో లెక్కకట్టండి, సైటు ఇచ్చే అంకె ముట్టుకోవద్దు. కెరీర్ బాబిప్‌తో పోల్చి ఎన్ని హిట్లు ఎక్కువో తక్కువో రాయండి. స్ట్రయికౌట్ శాతం, లైనప్ స్థానం, ‘ఏం మారింది’ అన్నదానికి ఒక్క వాక్యం. ఏమీ మారలేదంటే అలాగే రాయండి. ప్రతి పేరు పక్కన మీ జట్టులోంచి ఎవరిని వదులుతారో కూడా ఉండాలి. ఆ గడి ఖాళీగా ఉంటే ఆ వరస కొట్టేస్తాను. తర్వాతి 40 ఎట్ బ్యాట్లకి యావరేజ్ అంచనా వేసి, తేదీ వేసి, మూడు వారాలు పక్కన పెట్టండి.

క్లోజర్ల పాఠం వచ్చే వారం తప్పకుండా. మేజర్ లీగ్ జట్లు ఆటగాళ్ళని మార్చుకునే ట్రేడ్ గడువు లోపే అది మీ చేతిలో పడాలి. 2019 నుంచి ఆగస్టు వేవర్ ట్రేడ్లు ఎత్తేశారు కాబట్టి, గెలవని జట్లు తమ క్లోజర్లని ఆ గడువులోగానే అమ్ముకుంటాయి. క్లోజర్ పోతే ఆ చోటు తరచూ దక్కేది ఎనిమిదో ఇన్నింగ్స్ వేసే మనుషులకే, వాళ్ళ పేర్లు ఈలోపు రాసి పెట్టుకోండి.