పసుపు జెండా ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది: కొత్తగా రేసింగ్‌లోకి వచ్చినవాళ్లకు

ముందు ప్రమాదం ఉందని చెప్పే పసుపు జెండాని కావాలని లెక్కచేయని రేసర్లు తక్కువే. అయినా పెనాల్టీలు పడుతూనే ఉంటాయి. ఎక్కువసార్లు తప్పు జరిగేది రెండు చోట్ల: జెండా ఎక్కణ్ణుంచి అమల్లోకి వస్తుందో తెలియక, ఎక్కడ ముగుస్తుందో తెలియక. ఇక్కడ చెప్పేదంతా అంతర్జాతీయ మోటార్ రేసింగ్ సంస్థ ఎఫ్‌ఐఏ నియమాల్లోని అపెండిక్స్ హెచ్ ప్రకారం. మన దేశంలో మోటార్ రేసింగ్‌ని నడిపే ఎఫ్‌ఎంఎస్‌సీఐ లైసెన్సుతో చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టైలోనో, కోయంబత్తూరు కరి స్పీడ్‌వేలోనో కారు నడిపేవాళ్లకు మూలం అదే. పోటీకి విడిగా ఇచ్చే సప్లిమెంటరీ రెగ్యులేషన్స్‌లో తేడా ఉంటే ఆ మాటే చెల్లుతుంది. కాబట్టి డ్రైవర్స్ బ్రీఫింగ్‌కి వెళ్లేముందే అందులో జెండాల పేజీ, పెనాల్టీల పేజీ చదవండి.

ముందు పోస్టుల సంగతి. వీలైతే రేసుకు ముందు రోజు ట్రాక్ చుట్టూ నడవండి. సర్క్యూట్ మ్యాప్ మీద ప్రతి మార్షల్ పోస్టూ (జెండాలు చూపించే సిబ్బంది నిలబడే చోటు) ఎడమవైపు ఉందా, కుడివైపు ఉందా, ఏ మలుపులో ఎంత ఆలస్యంగా కనిపిస్తుందో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. నిలబడి చూస్తే కనిపించిన పోస్టు, కారులో కిందికి కూర్చుని హెల్మెట్ పెట్టుకున్నాక రోల్‌కేజ్ (కారు బోల్తాపడితే కాపాడే ఇనుప చట్రం) గొట్టం వెనక దాక్కుంటుంది. జెండా కనీస కొలత 60 సెంటీమీటర్లు ఇంటూ 80 సెంటీమీటర్లు. వెతికే అలవాటు లేని కంటికి అది చాలా చిన్నది. ప్రాక్టీస్ మొదటి ల్యాప్‌లో కొన్నిసార్లు అన్ని పోస్టుల్లోనూ పచ్చ జెండా చూపిస్తారు. ఆ ల్యాప్‌లో స్పీడ్ మాట మర్చిపోయి పోస్టులు లెక్కపెట్టండి.

ఒక పసుపు జెండా ఊపుతున్నారంటే ట్రాక్ పక్కనో, ట్రాక్ మీద కొంత భాగంలోనో ప్రమాదం ఉంది. వేగం తగ్గించాలి, ఓవర్‌టేక్ చేయకూడదు, దారి మార్చుకోడానికి సిద్ధంగా ఉండాలి. రెండు జెండాలు కలిపి ఊపుతున్నారంటే ట్రాక్ పూర్తిగానో కొంతో మూసుకుపోయింది, లేదా మార్షల్స్ ట్రాక్ మీదో పక్కనో పనిచేస్తున్నారు. అప్పుడు వేగం బాగా తగ్గించాలి, అవసరమైతే ఆగిపోగలగాలి.

ఎంత తగ్గించాలని అందరూ అడుగుతారు. నియమంలో గంటకు ఇన్ని కిలోమీటర్లని అంకె లేదు. తగ్గించినట్టు చూసేవాళ్లకు తెలియాలి, అంతే. మామూలుగా 100 మీటర్ల బోర్డు దగ్గర బ్రేక్ కొట్టే మలుపులో 150 దగ్గరే కొట్టండి, మలుపులోకి వెళ్లే వేగం కూడా తగ్గించండి. ఉట్టినే ఒక్క క్షణం కాలు తీసి మళ్లీ తొక్కితే అది తగ్గించడం కాదు, డేటా లాగర్ (కారు వేగాన్ని నమోదు చేసే పరికరం) గీతలో ఆ సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. క్వాలిఫయింగ్‌లో రెండు జెండాలు చూస్తే ఆ ల్యాప్ వదిలేయండి. పసుపు ఉన్న సెక్టార్‌లో (ట్రాక్‌లో విడిగా టైమ్ కొలిచే భాగం) మీ బెస్ట్ టైమ్ వచ్చిందంటే, తప్పొప్పులు తేల్చే స్టీవార్డులకు వేరే సాక్ష్యం అక్కర్లేదు.

ఈ లెక్క ఒకసారి మనసులో వేసుకోండి. గంటకు 180 కిలోమీటర్లంటే సెకనుకు 50 మీటర్లు. 12 మీటర్ల వెడల్పున్న ట్రాక్‌ని మార్షల్ పరిగెత్తి దాటడానికి 4 సెకన్లు పడుతుందనుకుందాం. ఈలోపు మీ కారు 200 మీటర్లు వచ్చేస్తుంది. 90కి తగ్గిస్తే 100 మీటర్లే. 2014 అక్టోబరు 5న జపాన్‌లోని సుజుకాలో వానలో ఫార్ములా వన్ డ్రైవర్ జూల్ బియాంకీ కారు డబుల్ యెల్లో (రెండు పసుపు జెండాలు) ఉన్నచోట 213 కిలోమీటర్ల వేగంతో ట్రాక్ వదిలింది. ముందు ల్యాప్‌లో ఆగిపోయిన కారును ఎత్తుతున్న ట్రాక్టర్‌ని 126 కిలోమీటర్ల వేగంతో గుద్దుకుంది. ఆయన 2015 జులై 17న చనిపోయాడు. ట్రాక్ అంతటా అన్ని కార్లూ వేగం తగ్గించేలా చేసే వర్చువల్ సేఫ్టీ కార్ పద్ధతి ఆ ఏడాదే ఫార్ములా వన్‌లోకి వచ్చింది. ఇదంతా చెప్పేది భయపెట్టడానికి కాదు. మార్షల్స్ చాలామంది వాలంటీర్లు, కంచెకి ఇవతల ఉన్నది వాళ్లు.

ఇక పరిధి. ఓవర్‌టేక్ నిషేధం పసుపు ఊపుతున్న మొదటి పోస్టు దగ్గర మొదలవుతుంది. పోస్టు దాకా పక్కపక్కనే వచ్చి, దాటాక ముందుకెళ్తే అది ఓవర్‌టేకే. అలాంటప్పుడు పోస్టు గీత దగ్గర ఎవరి ముక్కు ముందుందో వాళ్లకే దారి వదిలేయండి. పొరపాటున దాటేస్తే వెంటనే, సురక్షితంగా స్థానం తిరిగి ఇచ్చేయండి. చాలామంది స్టీవార్డులు దాన్ని లెక్కలోకి తీసుకుంటారు. హఠాత్తుగా బ్రేక్ కొట్టకండి, వెనకవాడు జెండా చూసి ఉండకపోవచ్చు. ముందు కాలు తీసి, బ్రేక్ లైట్ వెలిగేంత తేలిగ్గా తొక్కి, ఆ తర్వాత గట్టిగా పట్టండి.

నిషేధం ముగిసేది పచ్చ జెండా ఉన్న పోస్టు దాటాక. ఎక్కువ పెనాల్టీలు ఇక్కడే పడతాయి. దూరం నుంచి పచ్చ కనిపించగానే కాలు కిందికి వెళ్లిపోతుంది. పచ్చ కనిపించడం వేరు, దాటడం వేరు. ఆగిన కారును దాటేశాం కదా అనుకున్నా అంతే, పచ్చ పోస్టు ఇంకా ముందే ఉంది. ఎర్ర చారల పసుపు జెండా మాత్రం వేరు: నూనో నీళ్లో ఉన్నాయని, గ్రిప్ తక్కువని చెబుతుంది. ఓవర్‌టేక్‌ని ఆపదు, దాని తర్వాత పచ్చ కోసం చూడక్కర్లేదు.

రేసు కార్లను ముందుండి నెమ్మదిగా నడిపించే సేఫ్టీ కార్ వస్తే అన్ని పోస్టుల్లోనూ పసుపు జెండా, ఎస్‌సీ అని రాసిన బోర్డు కనిపిస్తాయి. వరుసలో కలిసి, ముందు కారుకు 5 కార్ల పొడవుకు మించి దూరం లేకుండా ఉండాలి. సేఫ్టీ కార్ లైట్లు ఆరిపోతే ఆ ల్యాప్ చివర అది పిట్స్‌లోకి వెళ్తుందని గుర్తు. అక్కణ్ణుంచి వేగం నిర్ణయించేది వరుసలో మొదటి కారు. టైర్లు వేడెక్కించడానికి అటూ ఇటూ ఊపడం, ఉన్నట్టుండి తొక్కడం, ఆపడం మానెయ్యాలి. ఓవర్‌టేక్ చేయడం లైన్ (స్టార్ట్/ఫినిష్ గీత) దాటాకే. ఇక్కడ వెనకవాళ్లు చేసే తప్పొకటి: ముందు కారుకు అతుక్కుని ఉండి, అది వేగం అందుకోగానే తామూ తొక్కుతారు. అది మళ్లీ నెమ్మదించిందంటే అకార్డియన్‌లాగా వరుసంతా ముడుచుకుంటుంది. చల్లారిన బ్రేకులతో, చల్లారిన టైర్లతో ఆగడం కష్టం. వరుసలో ఉన్నప్పుడే ఖాళీ ఉన్నచోట బ్రేక్‌ని కాస్త నొక్కి ఉంచి వేడిగా పెట్టుకోండి.

అమెరికాలో ఎస్‌సీసీఏ (అక్కడి స్పోర్ట్స్ కార్ క్లబ్) రేసులు చేసే తెలుగువాళ్లకు మూడు తేడాలు ముఖ్యం. అక్కడ కదలకుండా పట్టుకున్న పసుపు జెండా కూడా ఉంది, ఊపితే ప్రమాదం ఎక్కువని. అన్ని పోస్టుల్లో రెండేసి పసుపు జెండాలు పట్టుకుంటే ట్రాక్ మొత్తానికి పసుపు. ఎర్ర జెండా కనిపిస్తే పిట్స్‌కి పోకుండా, ట్రాక్ పక్కన అదుపుగా ఆగాలి, వీలైతే మార్షల్ పోస్టుకు కనిపించేచోట. మన దగ్గరైతే ఎర్ర జెండాకి నెమ్మదిగా పిట్స్‌కో, నియమాల్లో చెప్పిన చోటికో వెళ్లాలి. గల్ఫ్‌లో దుబాయ్ 24 గంటల లాంటి రేసుల్లో 60 అని రాసిన ఊదా జెండా ఉంటుంది, అందరూ గంటకు 60 కిలోమీటర్లకు దిగాలి.

పెనాల్టీ మందలింపు, జరిమానా దగ్గర మొదలై, ల్యాప్ టైమ్ రద్దు, గ్రిడ్ స్థానాలు తగ్గించడం, సెకన్లు కలపడం, డ్రైవ్‌త్రూ (ఆగకుండా పిట్ లేన్ గుండా వెళ్లి రావడం), డిస్‌క్వాలిఫికేషన్ దాకా వెళ్తుంది. డబుల్ యెల్లో కింద తప్పు చేస్తే ఎక్కువ పడుతుందనే అనుకోండి. డ్రైవ్‌త్రూ పడ్డాక ఎన్ని ల్యాపుల్లో చేయాలో నియమాల్లో చూడండి, ఆలస్యం చేస్తే ఇంకా పెద్దది పడుతుంది.

స్టీవార్డులు పిలిస్తే ఆన్‌బోర్డ్ వీడియో, డేటా రెండూ పట్టుకెళ్లండి. వీడియోలో ఆ పోస్టు కనిపించే క్షణం ముందే వెతికిపెట్టుకోండి. కెమెరాని జెండా పోస్టులు కూడా పడేలా బిగించుకోవాలని చెప్పేది ఇందుకే. అప్పీల్ చేయదలిస్తే నిర్ణయం ప్రకటించిన గంటలోపే ఆ ఉద్దేశం రాతపూర్వకంగా ఇవ్వాలి. డ్రైవ్‌త్రూ లాంటి కొన్నింటిపై అప్పీల్ ఉండదు.