బొమ్మ ఇటుకల భవనానికి లోపలి గదులను తీర్చిదిద్దడం ఎలా

సొంతంగా రూపొందించే ఇటుకల భవనంలో గదుల పనిని చివరికి వదిలేయడమే చాలామంది చేసే పొరపాటు. గోడలు, కిటికీలు, పైకప్పు అన్నీ ముచ్చటగా కుదిరాక లోపల మంచం వేద్దామని చూస్తే అక్కడ తలుపు తెరుచుకుంటుంది, మెట్లు పెడదామంటే అవి సరిగ్గా కిటికీ ముందుకు వచ్చి ఆగుతాయి, అలమర అమర్చుదామంటే వేలు దూరదు. నేను మొదటిసారి కట్టిన మూడంతస్తుల ఇంటికి మెట్లు పట్టక ఎడమవైపు గోడను పునాది దాకా విప్పుకోవలసి వచ్చింది. అప్పటి నుంచి గదులను ముందు నిర్ణయించుకొని, వాటిని బట్టే వెలుపలి గోడలు కడుతున్నాను. ఈ పద్ధతిలో భవనం ముఖభాగం కూడా మెరుగవుతుంది, ఎందుకంటే ఏ కిటికీ ఎక్కడ ఎందుకు ఉందో దానికి లోపలి నుంచి ఒక కారణం దొరుకుతుంది.

బొమ్మ ఇటుకలు తయారుచేసే లెగో సంస్థ, పక్కపక్కన కలిపి వీధిలా పేర్చుకునే మాడ్యులర్ భవనాల వరుసను 2007లో కేఫ్ కార్నర్‌తో మొదలుపెట్టినప్పుడు ఆ భవనం లోపల దాదాపు ఖాళీయే. పదేళ్ల తరువాత, 2017లో వచ్చిన అసెంబ్లీ స్క్వేర్‌లో 4,002 ముక్కలు ఉన్నాయి. అందులో పూల దుకాణం, బేకరీ, దంతవైద్యశాల, సంగీత వాద్యాల దుకాణం, ఫొటో స్టూడియో, నాట్యశాల, పైన ఒక నివాసం వేటికవిగా కనిపిస్తాయి. సొంత భవనం కట్టాలనుకునేవారు ఇలాంటి పెట్టెలలోని సూచనల పుస్తకాన్ని గదుల కోసమే ఒకసారి తిరగేస్తే, ఎంత చిన్న చోటులో ఎంత పట్టించవచ్చో తెలిసి వస్తుంది.

మొదటి పని కాగితం మీద జరగాలి. ప్రతి గదికి ఎవరు వాడతారు, ఏ పనికి వాడతారు అని ఒక్కో వాక్యం రాసుకోండి. "పడకగది" అని రాస్తే ఒక మంచం తప్ప మరేమీ తట్టదు. "రాత్రివేళ గడియారాలు బాగుచేసే ముసలాయన పడకగది" అని రాస్తే మంచం పక్కన పనిబల్ల, దాని మీద దీపం, గోడకు గడియారాలు, కిందపడిన చిన్న చక్రం, అన్నీ వాటంతట అవే వస్తాయి. గదిలో ఏం పెట్టాలో, అంతకంటే ముఖ్యంగా ఏం పెట్టకూడదో, ఆ వాక్యమే తేలుస్తుంది.

కొలతలు

ఇటుక పైన ఉండే గుండ్రటి బొడిపెను స్టడ్ అంటారు. ఒక స్టడ్ మధ్య నుంచి పక్క స్టడ్ మధ్యకు 8 మిల్లీమీటర్లు. ఇటుక ఎత్తు 9.6 మిల్లీమీటర్లు, ప్లేటు అనే పలుచని ముక్క ఎత్తు అందులో మూడో వంతు, అంటే 3.2 మిల్లీమీటర్లు. 32 స్టడ్‌ల పునాది పలక 25.6 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. అందులో సగం, అంటే 16 స్టడ్‌ల వెడల్పున్న ఇల్లు కడితే, రెండు వైపులా గోడలకు ఒక్కో స్టడ్ పోగా లోపల మిగిలేది 14 స్టడ్‌లు మాత్రమే. ఈ 14ను మనసులో పెట్టుకొనే తక్కిన లెక్కలన్నీ వేయాలి.

1978లో వచ్చిన మినీఫిగర్, అంటే మనం గదిలో నిలబెట్టే బొమ్మ మనిషి, సుమారు 4 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. దానిని 170 సెంటీమీటర్ల మనిషి అనుకుంటే స్కేలు 42లో ఒక వంతు అవుతుంది. అయితే చేతులతో కలిపి ఆ బొమ్మ దాదాపు మూడు స్టడ్‌ల వెడల్పు ఉంటుంది. మామూలు మనిషి భుజాల వెడల్పు 45 సెంటీమీటర్లు అనుకుంటే ఇక్కడ స్కేలు 19లో ఒక వంతు. ఒకే బొమ్మలో రెండు స్కేళ్లు ఉన్నాయన్నమాట, కొత్తవారి లెక్క తప్పేది ఇక్కడే. 45 సెంటీమీటర్ల వెడల్పున్న కుర్చీని 42తో భాగిస్తే ఒక స్టడ్ కంటే కాస్త ఎక్కువ వస్తుంది, కానీ బొమ్మ నడుమే రెండు స్టడ్‌లు ఉంటుంది కాబట్టి అది ఆ కుర్చీలో పట్టదు. అందువల్ల సామాను వెడల్పును బొమ్మ ఒంటిని బట్టి, ఎత్తును బొమ్మ ఎత్తును బట్టి వేర్వేరుగా నిర్ణయించాలి. దీని పర్యవసానం ఏమిటంటే నిజమైన గదిలో పట్టినన్ని సామాన్లు ఈ గదిలో పట్టవు. గదికి రెండు లేదా మూడు పెద్ద వస్తువులు ఎంచుకొని, తక్కినవన్నీ గోడకు వేలాడేవి, బల్ల మీద ఉండేవి, మూలన ఒదిగేవి అయ్యేలా చూసుకోవడం మంచిది.

మెట్లు

స్థలాన్ని అన్నిటికంటే ఎక్కువగా తినేవి మెట్లే కాబట్టి వాటిని అన్నిటికంటే ముందు నిర్ణయించాలి. గోడ ఎనిమిది ఇటుకల ఎత్తు ఉండి, దాని మీద పై అంతస్తుకు ఒక ప్లేటు నేల వేస్తే మొత్తం ఎక్కవలసిన ఎత్తు 25 ప్లేట్లు, అంటే 8 సెంటీమీటర్లు. ఒక్కో స్టడ్‌కు ఒక్కో ప్లేటు చొప్పున ఎక్కితే మెట్లు చాలా సహజంగా ఉంటాయి, కానీ వాటికి 25 స్టడ్‌ల పొడవు కావాలి. స్టడ్‌కు ఒక పూర్తి ఇటుక చొప్పున ఎక్కితే ఎనిమిది స్టడ్‌లలో పని ముగుస్తుంది గాని, ఏటవాలు 50 డిగ్రీలు దాటి నిచ్చెనలా కనిపిస్తుంది. స్టడ్‌కు రెండు ప్లేట్లు అన్నది మధ్యేమార్గం. ఏటవాలు సుమారు 39 డిగ్రీలు వస్తుంది, పొడవు 12 స్టడ్‌లు అవుతుంది. దానిని మధ్యలో మలుపు తిప్పి, మూడు స్టడ్‌ల వెడల్పుతో రెండు వరుసలుగా వేసి, మలుపు దగ్గర మూడు స్టడ్‌ల లోతు చదును ఇస్తే మొత్తం 9 స్టడ్‌ల పొడవు, 6 స్టడ్‌ల వెడల్పు చోటు పడుతుంది. పొడవూ వెడల్పూ 14 స్టడ్‌లైన చదరపు గదిలోని 196 స్టడ్‌లలో 54 మెట్లకే పోయాయి, పైగా పై అంతస్తు నేలలో కూడా చాలావరకు అదే మేర రంధ్రం వదలాలి. బొమ్మ తల తగలకుండా ప్రతి మెట్టు పైన కనీసం ఐదు ఇటుకల ఎత్తు ఖాళీ ఉందో లేదో కూడా చూసుకోవాలి.

అంత చోటు లేనప్పుడు నిచ్చెనతో సరిపెట్టవచ్చు, లేదా గుండ్రంగా తిరిగే మెట్లు కట్టవచ్చు. నాకు నచ్చిన మార్గం మరొకటి ఉంది: వెనుక గోడలో సగం తెరిచిన తలుపు పెట్టి, దాని వెనుక రెండు మూడు మెట్లు మాత్రమే కట్టి వదిలేయడం. మెట్లు పైకి వెళ్తున్నాయన్న భావన చూసేవారికి పూర్తిగా కలుగుతుంది, గదిలో మూడు వంతులు సామానుకు మిగులుతుంది. మెట్ల కింద మిగిలే ఏటవాలు చోటును మాత్రం ఖాళీగా వదలకండి. చీపురు, పెట్టెలు, పాత సైకిలు చక్రం వంటివి అక్కడ చక్కగా ఒదుగుతాయి.

చేయి దూరే దారి

గది ఎంత బాగున్నా దాన్ని చూడలేకపోతే, దుమ్ము తుడవలేకపోతే ప్రయోజనం లేదు. అంతస్తులు విడివిడిగా ఎత్తి తీసేలా కట్టడం అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి. గోడల పై వరుస అంతా స్టడ్‌లు లేని నున్నటి టైళ్లతో మూసి, మూలల దగ్గర నాలుగు నుంచి ఆరు స్టడ్‌లు మాత్రమే తెరిచి ఉంచితే పై అంతస్తు కదలకుండా కూర్చుంటుంది, రెండు చేతులతో తేలిగ్గా పైకి వస్తుంది. వెనుక గోడ లేకుండా వదిలేయడం, ముఖభాగాన్ని కీలు ఇటుకలతో తలుపులా తెరుచుకునేలా చేయడం కూడా బాగానే ఉంటాయి. కీలు పద్ధతిలో గోడ బరువంతా కీలు మీదే పడుతుంది కాబట్టి కనీసం రెండు చోట్ల, కిందా పైనా, కీళ్లు ఉండాలి.

వంటగది, స్నానాల గది వంటి ఇరుకైన గదుల విషయంలో గదిని విడిగా ఒక ప్లేటు మీద కట్టి, పూర్తయ్యాక లోపలికి దించడం ఉత్తమం. బల్ల మీద పెట్టుకొని నాలుగు వైపుల నుంచీ వేళ్లు ఆడించగలిగినప్పుడు వివరాలు బాగా కుదురుతాయి. దించే చోట అడుగున టైళ్లు వేసి రెండు స్టడ్‌లు మాత్రం వదిలితే, మళ్లీ తీయాలనుకున్నప్పుడు గది గోడలు ఊడిపోకుండా బయటికి వస్తుంది.

నేల, గోడలు

నేలకు టైళ్లు వేస్తే గది ఒక్కసారిగా గదిలా మారుతుంది. 14 చదరపు గదికి ఒక స్టడ్ టైళ్లు అయితే 196 కావాలి, రెండు స్టడ్‌ల చదరపు టైళ్లు అయితే 49 చాలు. కాబట్టి గళ్ల నేల వంటి చిన్న టైళ్ల పనిని కిటికీలోంచి కనిపించే భాగానికి, దుకాణం ముందు గదికి పరిమితం చేసి, అలమరల కింద మామూలు ప్లేటునే వదిలేయండి. కర్ర నేలకు నాలుగు స్టడ్‌ల పొడవు టైళ్లను, ఒక్కో వరుసలో అతుకు వేర్వేరు చోట్ల పడేలా పరిస్తే సహజంగా ఉంటుంది. టైళ్ల వల్ల నేల ఒక ప్లేటు ఎత్తు పెరుగుతుంది కాబట్టి తలుపు చట్రం కింద కూడా ఒక ప్లేటు వేయడం మరచిపోకూడదు. బొమ్మలు నిలబడడానికి అక్కడక్కడ జంపర్ ప్లేట్లు వదలాలి. రెండు స్టడ్‌ల చోటులో మధ్యన ఒకే స్టడ్ ఉండే ఈ ప్లేటు, బొమ్మను గాని కుర్చీని గాని అర స్టడ్ పక్కకు జరిపే వీలు కూడా ఇస్తుంది.

వెలుపల ఎర్ర ఇటుక గోడ, లోపల లేత రంగు గోడ కావాలంటే గోడను రెండు స్టడ్‌ల మందం చేయడం సులువైన దారి, కానీ 14లో ఇంకో రెండు పోతాయి. దానికి బదులు పక్కవైపు స్టడ్ ఉన్న ఇటుకలను గోడలో అక్కడక్కడ పెట్టి, వాటికి లోపలి వైపు నుంచి పలుచని ప్లేటు లేదా టైలు తగిలిస్తే పోయేది ఒక ప్లేటు మందమే. దీనికొక లెక్క ఉంది: ఐదు ప్లేట్ల ఎత్తు సరిగ్గా రెండు స్టడ్‌ల పొడవుకు సమానం, రెండూ 16 మిల్లీమీటర్లే. కాబట్టి పక్క స్టడ్ ఇటుక ఒకటి పెట్టి, దాని మీద రెండు ప్లేట్లు వేసి, మళ్లీ పక్క స్టడ్ ఇటుక పెడితే నిలువుగా తగిలించే పలక రెండింటికీ తేడా లేకుండా అతుకుతుంది. ఈ లెక్క తప్పితే పలక ఒకచోట అతికి మరోచోట లేస్తుంది. బలవంతంగా నొక్కితే ముక్కలు వంగి కాలక్రమంలో పగులుతాయి. గోడల రంగు విషయంలో నా సలహా ఒక్కటే: లోపల వెలుతురు ఎప్పుడూ తక్కువే కాబట్టి తెలుపు, ఇసుక రంగు, లేత నీలం వంటివి వాడండి, ముదురు రంగులను సామానుకు దాచుకోండి.

సామాను

కూర్చోబెట్టిన బొమ్మకు మోకాళ్లు మడవవు, కాళ్లు తిన్నగా ముందుకు చాచుకొని ఉంటాయి. బల్ల దగ్గర కుర్చీ పెట్టినప్పుడు ఆ కాళ్లు బల్ల కిందికి పోవాలి. అందుకని కుర్చీ సీటు కంటే ఒక ఇటుకా ఒక ప్లేటూ ఎత్తున బల్ల అడుగుభాగం ఉండేలా చూసి, బల్ల కాలును మధ్యన ఒక్కటే పెట్టండి; నాలుగు కాళ్ల బల్ల చూడడానికి బాగుంటుంది గాని బొమ్మను కూర్చోనివ్వదు. మంచానికి ఆరు స్టడ్‌ల పొడవు, నాలుగు స్టడ్‌ల వెడల్పు సరిపోతాయి. మంచం మీద అన్నిచోట్లా టైళ్లు వేస్తే బొమ్మ జారిపోతుంది కాబట్టి కాళ్లు వచ్చే చోట స్టడ్‌లు వదిలి, తలగడ చోట తెల్లని టైలు వేయండి.

వంటగది నాకు అన్నిటికంటే ఇష్టమైన గది. గట్టును రెండు ఇటుకల ఎత్తున, రెండు స్టడ్‌ల లోతున గోడ పొడవునా కట్టి, ముందువైపు పక్క స్టడ్‌లకు టైళ్లు తగిలిస్తే అరల తలుపులు అవుతాయి, ఒకచోట చారల గ్రిల్ టైలు పెడితే గాలి జాలీ అవుతుంది. నల్లని చదరపు పలక మీద నాలుగు చిన్న గుండ్రటి ముక్కలు పెడితే పొయ్యి. గట్టులో ఒక స్టడ్ చోటును ఒక ప్లేటు లోతు తగ్గించి, పక్కన కుళాయి ముక్క గుచ్చితే పళ్లు కడుక్కునే తొట్టి కంటే కొంచెం పెద్ద సింకు తయారు. పైన గోడకు చిన్న కడ్డీ బిగించి గరిటెలు, పెనాలు వేలాడదీయవచ్చు. బొమ్మ చేతిలో పట్టే వస్తువులన్నిటి పిడులూ సుమారు 3.2 మిల్లీమీటర్ల మందమే కాబట్టి క్లిప్పు ముక్క దేనినైనా పట్టుకుంటుంది. ఒక అర తలుపు కాస్త తెరిచి ఉంచండి, గట్టు మీద సగం తరిగిన కూర వదలండి. ఆ గదిలో ఎవరో ఇప్పుడే పక్కకు వెళ్లారనిపిస్తుంది.

పుస్తకాల అలమరకు రంగురంగుల ప్లేట్లను పక్కకు తిప్పి పేర్చాలి. అన్నీ నిండుగా ఉంచకుండా ఒక అరలో రెండు వాలిన పుస్తకాలు, ఒక పూలకుండీ ఉండనివ్వండి. అద్దానికి వెండి రంగు టైలు, పటాలకు ముద్రించిన టైళ్లు సరిపోతాయి.

సామాను అమర్చే ప్రతిసారీ పైనుంచి చూసి తృప్తిపడకుండా, కంటిని కిటికీ ఎత్తుకు దించి బయటి నుంచి చూడండి. పూర్తయిన భవనాన్ని ఎక్కువమంది చూసేది అలాగే. కిటికీకి ఎదురుగా ఉన్న వెనుక గోడ మీదే అందమైన వస్తువు ఉండాలి; కిటికీ గోడకు ఆనించిన అలమర బయటికి వీపు మాత్రమే చూపిస్తుంది.

ముందుగా కంప్యూటర్ మీద కట్టి చూసుకోదలచినవారికి బ్రిక్‌లింక్ స్టూడియో అనే ప్రోగ్రామ్ ఉచితంగా దొరుకుతుంది. అయితే తెర మీద భూమ్యాకర్షణ ఉండదు, వేలి లావూ ఉండదు. గాలిలో నిలిచిన అలమరను కూడా ఆ తెర ఒప్పుకుంటుంది కాబట్టి అనుమానం ఉన్న అతుకును చేత్తో ఒకసారి కట్టి చూడాలి.

దీపాలు

ఎల్ఈడీ దీపాలు పెట్టదలిస్తే ఆ నిర్ణయం గోడలు కట్టకముందే జరగాలి. సన్నని తీగలు రెండు ఇటుకల మధ్య స్టడ్‌ల సందుల్లోంచి వెళ్తాయి, కానీ స్టడ్ మీదుగా పోతే తీగ నలుగుతుంది, ఇటుక సరిగా కూర్చోదు. వెనుక గోడలో పైనుంచి కింది దాకా ఒక స్టడ్ వెడల్పు ఖాళీ గొట్టంలా వదిలి, తీగలన్నీ అందులోంచి దించి, బ్యాటరీ పెట్టెను పునాది వెనుక దాచడం శుభ్రమైన పద్ధతి. అంతస్తులు ఎత్తి తీసేవైతే ప్రతి అంతస్తు తీగకు విడదీసే కనెక్టర్ ఉండాలి, లేకపోతే మొదటిసారి ఎత్తినప్పుడే తీగ తెగుతుంది. తెల్లని, లేత రంగు ఇటుకల గుండా వెలుతురు బయటికి కనిపిస్తుంది. దీపం దగ్గర గోడలో లోపలి వైపు నల్లని ప్లేటు ఒకటి అడ్డం పెడితే ఆ మెరుపు ఆగుతుంది. అన్నీ అమర్చాక గదిలో లైటు ఆపి, భవనంలోని దీపాలు వెలిగించి, ప్రతి కిటికీలోంచి ఒకసారి చూడండి. చీకటిలో మిగిలిపోయిన మూలలు, గోడల అతుకుల్లోంచి కారుతున్న వెలుతురు అప్పుడే కనబడతాయి. పై అంతస్తును చివరిసారి బిగించవలసింది వాటిని సరిచేసిన తరువాతే.