బీర, సొర పిందెలు పండుబారి రాలిపోతుంటే ముందు చూడవలసినవి

ఆషాఢంలో విత్తిన బీర, సొర తీగలు శ్రావణం నాటికి పందిరి ఎక్కి, పూత మీద పూత వేసి, తీరా కాపు మొదలవ్వాల్సిన వేళకు బొటనవేలంత పిందెలు పండుబారి ఒక్కొక్కటే రాలిపోవడం మిద్దెతోటల్లో ప్రతి వానాకాలం ఎదురయ్యే సమస్య. ఇది కనిపించగానే చాలామంది ఎప్సమ్ సాల్ట్ వేస్తారు, బోరాన్ చల్లుతారు, పుల్లటి మజ్జిగలో ఇంగువ కలిపి పిచికారీ చేస్తారు, ఆ పైన కుండీకి మరో రెండు దోసిళ్ల ఎరువు వేస్తారు. వీటిలో తప్పు పట్టవలసింది ఏమీ లేదు కానీ, రాలిన పిందెను చేతిలోకి తీసుకుని చూడకుండా మందు వేయడం మాత్రం తప్పే. ఎన్నో ఏళ్లుగా నా తోటలోను, ఇరుగుపొరుగు మేడల మీద తోటల్లోను ఈ సమస్యను సరిచేస్తూ వచ్చాను. పది తోటల్లో తొమ్మిదింటిలో ఆ పిందెను ఎవరూ కోసి చూసి ఉండరు.

ముందు పిందెను నిలువుగా కోయండి

రాలిన పిందెను, లేదా పండుబారి రాలడానికి సిద్ధంగా ఉన్న పిందెను, కత్తితో తొడిమ నుంచి కొస దాకా నిలువుగా చీల్చి వెలుతురులో చూడండి. లోపల తెల్లగా, శుభ్రంగా ఉండి, గింజలు ఎదగని చుక్కల్లా మిగిలిపోయి, పైన ఎక్కడా గాటు లేకపోతే ఆ పువ్వుకు పుప్పొడి అందలేదని అర్థం. తెల్లని సన్నటి పురుగులు కదులుతుంటే, లేదా పిందె పైన సూది గుచ్చినంత మచ్చ ఉండి దాని నుంచి జిగురు కారి గట్టిపడి ఉంటే అది పండు ఈగ పని. పువ్వు ఎండి అంటుకుని ఉన్న కొస వైపు మెత్తబడి, గోధుమరంగుకు తిరిగి, దాని మీద సన్నటి నూగులాంటి బూజు కనిపిస్తే అది ఎడతెరిపి లేని వానల్లో వచ్చే కుళ్లు. ఈ మూడింటికీ మూడు వేర్వేరు చికిత్సలు ఉన్నాయి, ఒకదాని మందు మరొకదానికి పనికిరాదు.

కోసిన పిందె శుభ్రంగా కనిపించినవాళ్లు కింది భాగాన్ని శ్రద్ధగా చదవాలి, ఎందుకంటే వారిలో ఎక్కువమంది "నేను రోజూ చేత్తో పరాగసంపర్కం చేస్తున్నానండీ, అయినా రాలిపోతున్నాయి" అంటారు. వారు అబద్ధం చెప్పడం లేదు. చేస్తున్నది నిజమే, చేస్తున్న వేళ తప్పు.

పువ్వు విచ్చుకునే వేళ

తీగజాతి కూరగాయలన్నీ ఒకే వేళకు పూయవు. గుమ్మడి తెల్లవారకముందే విచ్చుకుని ఎండ ముదిరేసరికి ముడుచుకుంటుంది. దోస, కాకర, నేతిబీర ఉదయం పూసేవి. బీర, సొర, పొట్ల మాత్రం పొద్దు వాలాక, రమారమి సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది గంటల మధ్య విచ్చుకుంటాయి. సొర, పొట్ల పువ్వులు తెల్లగా ఉండడం, బీరపువ్వు పసుపుదైనా సంధ్యవేళ కమ్మగా వాసన వేయడం ఊరికే జరిగిన సంగతులు కావు. అవి తేనెటీగల కోసం కాక, చీకటి పడ్డాక తిరిగే రెక్కల పురుగుల కోసం పూసే పూలు. నాలుగో అంతస్తు మేడ మీదికి, చుట్టూ వీధి దీపాల వెలుతురు ఉన్న చోటికి ఆ పురుగులు రావడం తక్కువ. అందుకే పెరట్లో ఎవరూ తాకకుండానే కాసే బీర, మిద్దె మీద మన చేతి సాయం కోరుతుంది.

ఈ సంగతి తెలియక నేను రెండు వానాకాలాలు పోగొట్టుకున్నాను. హైదరాబాద్‌లో మేడ మీద నాలుగు పెద్ద గ్రోబ్యాగుల్లో బీర, రెండింటిలో సొర పెట్టి, ప్రతి ఉదయం కాఫీ తాగగానే పైకి వెళ్లి మగపువ్వు కోసి ఆడపువ్వుకు అద్దేవాణ్ణి. గుమ్మడికి అలాగే చేస్తే అద్భుతంగా కాసింది కాబట్టి పద్ధతిలో లోపం ఉందన్న అనుమానమే రాలేదు. మట్టి మార్చాను, కుండీ చోటు మార్చాను, విత్తనం మార్చాను. మూడో ఏడు ఒక సాయంత్రం కరెంటు పోయి, గాలి కోసం పైకి వెళితే, పొద్దున నేను అద్దిన పూలన్నీ వేలాడిపోయి ఉన్నాయి. వాటి పక్కనే కొత్త బీరపూలు రేకులు పూర్తిగా విప్పుకుని, కేసరాల మీద పుప్పొడి పసుపు గంధంలా మెరుస్తూ కనిపించాయి. నేను రోజూ ఉదయం అద్దుతున్నవి ముందు రోజు సాయంత్రం పూసి, రాత్రంతా మంచుకో వానకో తడిసి, పుప్పొడి ముద్దకట్టిన పూలన్నమాట. చిన్నప్పుడు మా అమ్మమ్మ పెరట్లో బీరపూలు విచ్చుకున్నాయంటే దీపం పెట్టే వేళ అయినట్టే లెక్క. ఆ మాట పదేపదే విన్నవాణ్ణి అయి ఉండి కూడా దాన్ని నా మిద్దెకు అన్వయించుకోలేకపోయాను.

ఉదయం అద్దితే ఒక్క పిందె కూడా నిలవదని నేను అనను. చల్లని రోజుల్లో, వాన లేని రాత్రి తరువాత కొన్ని నిలుస్తాయి. ఆ కొన్ని నిలవడమే మనల్ని మోసం చేస్తుంది. పదింటిలో రెండు కాస్తే పద్ధతి సరైనదే, ఎరువు చాలడం లేదు అనుకుంటాం.

సరైన పద్ధతి ఇది. మధ్యాహ్నం ఒకసారి పందిరి చూసుకుని, ఆ సాయంత్రం విచ్చుకోబోయే ఆడమొగ్గలకు ఒక రంగుదారం వదులుగా కట్టి గుర్తు పెట్టుకోండి. మొగ్గ కింద బుల్లి కాయ ఉంటే ఆడది, సన్నటి కాడ మాత్రమే ఉంటే మగది. బీరలో మగమొగ్గలు గుత్తిగా వస్తాయి, సొరలో పొడుగాటి కాడకు ఒక్కొక్కటిగా వస్తాయి. పువ్వు పూర్తిగా విచ్చుకున్నాక మగపువ్వును కాడతో సహా కోసి, ముందు మీ వేలి కొనకు ఒకసారి తాకించండి. వేలికి పొడి అంటితేనే అది పనికొస్తుంది, తడిగా జిగటగా అంటితే పక్కన పెట్టి మరొకటి తీసుకోండి. ఈ ఒక్క పరీక్షను నేను ఇప్పటికీ మానలేదు. రేకులు వెనక్కి తుంచి, ఆడపువ్వు మధ్యనున్న కీలాగ్రం, అంటే పుప్పొడి పట్టే భాగం, మూడు తమ్మెలకూ పుప్పొడి అందేలా మెల్లగా అద్దాలి. ఒక వైపే అద్దితే గింజ ఒక వైపే పట్టి కాయ వంకర తిరుగుతుంది. వంకర కాయలకు నీళ్లు చాలలేదని చెప్పేవాళ్లు ఈ సంగతి కూడా చూసుకోవాలి. ఒక మగపువ్వు రెండు మూడు ఆడపూలకు సరిపోతుంది. వాన వచ్చేలా ఉంటే అద్దిన పువ్వు మీద చిన్న కాగితం పొట్లం తొడిగి, తెల్లవారాక తీసేయండి.

పుప్పొడి పట్టిందో లేదో రెండు మూడు రోజుల్లో తెలిసిపోతుంది. పట్టిన పిందె తొడిమ లావెక్కి, నిగనిగలాడుతూ కిందికి వంగుతుంది. పట్టనిది అక్కడే ఆగిపోయి కొస నుంచి పసుపుబారుతుంది. ఏ దారం కట్టిన పిందెలు నిలిచాయో వారం పాటు లెక్క రాసుకుంటే మీ తోటలో లోపం వేళదా, ఇంకేదైనానా అన్నది ఎవరినీ అడగకుండానే తేలుతుంది.

ఉద్యోగాలకు వెళ్లివచ్చేవారికి ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. హైదరాబాద్‌లో జూన్ నెలాఖరున సుమారు ఆరూ యాభైకి పొద్దు గూకితే, అక్టోబరు చివరికి ఆరు గంటలకు ముందే గూకుతుంది, పూత వేళ కూడా దానితోపాటే ముందుకు జరుగుతుంది. శ్రావణంలో ఇంటికి వచ్చేసరికి అప్పుడే విచ్చుకుంటున్న పూలు ఆశ్వయుజంలో మీరు రాకముందే విచ్చుకుని ఉంటాయి. కంగారు పడనవసరం లేదు. రాత్రి ఎనిమిది తొమ్మిది గంటలకు టార్చి వెలుతురులో అద్దినా చక్కగా పడుతుంది. తెల్లవారేదాకా వాయిదా వేయకుండా ఉంటే చాలు.

ఆడ, మగ రెండూ ఒకే పువ్వులో ఉండే గుత్తి బీరకు ఈ శ్రమ అక్కరలేదు. సాయంత్రం మేడ ఎక్కలేని పెద్దవారికి నేను ఆ విత్తనమే ఇస్తుంటాను.

సాయంత్రపు వేపనూనె

వేళ సరిచేసుకున్నాక కూడా పిందెలు రాలుతున్నాయంటే నేను అడిగే తరువాతి ప్రశ్న: వేపనూనె ఎప్పుడు కొడుతున్నారు? ఎండలో కొడితే ఆకు మాడుతుందని, తేనెటీగలకు హాని అని సాయంత్రమే కొట్టమని అందరూ చెబుతారు. వంగకు, బెండకు, గుమ్మడికి అది మంచి సలహా. బీర, సొర, పొట్లలకు మాత్రం సరిగ్గా పువ్వు విచ్చుకునే వేళకు నూనె నీళ్లు చల్లినట్టవుతుంది. పుప్పొడి తడిసిపోతుంది, వచ్చే నాలుగు పురుగులూ రాకుండా పోతాయి. ఈ మూడు తీగలకు తెల్లవారుజామున, ఎండ తగలకముందే, ఆకుల అడుగున మాత్రమే పట్టేలా పిచికారీ చేయండి. అదే పందిరి మీద గుమ్మడి కూడా ఉంటే దాని పూలు ఆ వేళకే విచ్చుకుని ఉంటాయి కాబట్టి దాన్ని వదిలిపెట్టి, సాయంత్రం విడిగా కొట్టుకోవాలి.

గుమ్మడి విషయంలోనే మరో మాట. బతుకమ్మ రోజుల్లో గుమ్మడిపూలన్నీ కోసేసి, ఆ తరువాత పిందె నిలవలేదని బాధపడేవారిని చూశాను. కోయండి, కానీ తీగకు రోజూ రెండు మగపూలు ఉంచి, ఆడపూల జోలికి వెళ్లకుండా కోయండి.

పండు ఈగ అయితే

పిందె కోసినప్పుడు పురుగు కనిపించినవారికి పుప్పొడి గొడవ లేదు. ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటే. మామిడి తోటకు వాడే మిథైల్ యూజినాల్ బుట్టను, అంటే ఈగను వాసనతో రప్పించి పట్టే ఉచ్చును, తెచ్చి బీర పందిరికి కడతారు. అది మామిడి మీద వాలే పండు ఈగను పిలుస్తుంది కానీ, తీగజాతి కూరగాయల మీద వాలేదాన్ని పిలవదు. దీనికి క్యూ-ల్యూర్ బిళ్ల ఉన్న బుట్ట కావాలి. కొనేటప్పుడు కూరగాయల తీగలకు అని చెప్పి, పేరు చదివి తీసుకోండి. బుట్టలో పడేవి మగ ఈగలే కాబట్టి, అది ఒక్కటే కట్టి ఊరుకుంటే సరిపోదు. పుప్పొడి పట్టిన మూడో రోజు నుంచే పిందెకు పలుచటి గుడ్డసంచి గానీ కాగితం సంచి గానీ తొడగాలి. గుచ్చిన కాయలను, రాలిన పిందెలను ఏ రోజుకారోజు ఏరి, ప్లాస్టిక్ సంచిలో బిగించి రెండు రోజులు ఎండలో పడేయాలి. వాటిని కంపోస్టు డబ్బాలో వేస్తే పురుగు అందులోనే కోశస్థ దశకు (గూడు దశకు) చేరి, మరో తరం ఈగగా పైకి వస్తుంది.

మిగిలినవి

పూత మొదలైన మొదటి పది పదిహేను రోజులు మగపూలే వస్తే అది సమస్యే కాదు, ఆగండి. నెల దాటినా ఆడపువ్వు కనిపించకపోతే నత్రజని ఎక్కువైందేమో చూసి పశువుల ఎరువు, వేరుశనగ చెక్క నీళ్లు కొన్నాళ్లు ఆపండి, తీగ కొసలు తుంచండి. పొడుగు పగళ్లు, ముదురు వేడి ఉన్నప్పుడు ఈ తీగలు మగపూలకే మొగ్గు చూపుతాయి. అమెరికాలో ఉన్న మనవాళ్లకు జూన్, జూలైల్లో పందిరి నిండా మగపూలు వచ్చి, ఆగస్టు గడిచాక గానీ ఆడపూలు కనబడకపోవడానికి ఇదే ముఖ్య కారణం. అక్కడ మంచు పడేలోగా కాయ చేతికి రావాలంటే మొలకలను ఇంట్లోనే ముందుగా పెంచుకుని, ఆడపువ్వు కనిపించిన తొలి సాయంత్రం నుంచే అద్దుకోవడం తప్ప వేరే మార్గం లేదు.

కొస కుళ్లుకు వాడిన పువ్వును పిందె నుంచి తుంచేయడం, పందిరి మీద ఆకులు పలుచన చేయడం చాలు. బీరకు ఇరవై లీటర్ల బకెట్ పెట్టి మధ్యాహ్నానికి ఆకులు వాలిపోతుంటే, పుప్పొడి పట్టిన పిందెలను కూడా తీగ వదిలేస్తుంది. నలభై లీటర్లకు తగ్గని కుండీకి మారండి. బోరాన్ లోపం ఉండకపోదు కానీ, కంపోస్టు బాగా వేసిన కుండీల్లో నేను దాన్ని చూసింది చాలా తక్కువ. వైరస్ వచ్చిన తీగ ఆకు ముడత, మచ్చలతో దూరం నుంచే తెలిసిపోతుంది, పీకి పారేయడమే.

ఒక్క విషయం మాత్రం తేలిగ్గా తీసుకోకండి. కాపు మొదలయ్యాక సొరకాయ కోసిన ప్రతిసారీ చిన్న ముక్క నాలుకకు తాకించి చూసి ఉమ్మేయండి. చేదు తగిలితే ఆ కాయను వండవద్దు, రసం తీయవద్దు, ఉప్పులో నానబెట్టి వాడే ప్రయత్నం చేయవద్దు. ఆ చేదు ప్రాణం మీదికి తెచ్చేంత విషం, వండినా పోదు. అలాంటి కాయ కాసిన తీగను మొదలంటా తీసేసి, దాని గింజలు దాచుకోకండి.